తడిపిన తోలు

సాన్ తాదెయో కోట ఉండిన చోట పోయిన నెల ఒక రాయి పాతారు. నన్ను బండిలో ఎక్కించుకుపోయి ముందు వరసలో కూర్చోబెట్టారు. బ్యాండు వాయించారు. నాకు చదువు రాదని బడిపంతులు నా చెవి దగ్గరకు వంగి రాయి మీది అక్షరాలు చదివి వినిపించాడు. "1876 ఫిబ్రవరిలో ఈ కోటలోని నలభైమంది వీర సైనికులు మూడువందల బల్లేలను ఎదిరించి నిలిచారు" అని ఉందట.

నాకు నవ్వాగలేదు. ఆ వీర సైనికుల్లో ఒకణ్ణి నేనే. నాకు ఎడమ పక్కన నిలబడ్డ వీరుడు బట్టలుతికే పెత్రోనా. ఆ వీరుడికి అప్పుడు ఏడో నెల. ఆ రోజు కోటలో ఉన్నది తొమ్మిదిమంది ఆడవాళ్ళం, ఒక కుంటి సార్జంటు, మంచె మీద ఒక కాపలావాడు, జ్వరంతో లేవలేని ముగ్గురు సిపాయిలు. ఇంకొక మనిషి కూడా ఉన్నాడు కానీ అతను నిలబడలేదు. అతన్ని నేల మీద పరిచారు. అతను నా మొగుడు గాస్పార్.

కోట అంటే రాతి గోడలు, బురుజులు అనుకునేరు. చుట్టూ ఒక అగడ్త, తవ్విన మట్టితోనే పోసిన కట్ట, లోపల గడ్డి కప్పిన గుడిసెలు, నాలుగు గుంజల మీద ఒక మంచె, తుప్పు పట్టిన ఒక ఫిరంగి. అంతే. ఆ ఫిరంగి పేల్చాలంటే ఎదుటివాళ్ళకంటే పేల్చేవాడికే ఎక్కువ భయం. మేము వెళ్ళేసరికి ఆ కోటను పంపావాళ్ళు, అంటే పంపా అనే ఆ గడ్డి మైదానంలో తరతరాలుగా ఉన్నవాళ్ళు, రెండుసార్లు తగలబెట్టారు, మనవాళ్ళు మూడుసార్లు కట్టారు. కట్టడం కట్టడం పంపావాళ్ళ గుర్రాలు నీళ్ళు తాగే మడుగు ఒడ్డునే కట్టారు. తాతల నాటి నీళ్ళ దగ్గర తుపాకీ పట్టుకుని కూర్చుంటే వాళ్ళు ఊరుకుంటారా? ఒక వేసవిలో వచ్చి లోపలున్న పద్నాలుగుమందినీ బల్లేలతో పొడిచిపోయారు. అందుకు మనవాళ్ళు వెళ్ళి వాళ్ళ గుడారాలు కాల్చి, పరిగెత్తలేని ముసలివాళ్ళ గొంతులు కోసి, ఆడవాళ్ళను కట్టి తెచ్చారు. అందుకు వాళ్ళు వచ్చి మన ఆడవాళ్ళను ఎత్తుకుపోయారు. ఇరవై ఏళ్ళు ఇదే తంతు. ముందు మొదలుపెట్టింది ఎవరమ్మా అని పంతులు అడిగాడు. ఆ మడుగునే అడగమన్నాను.

మేమేమీ ముచ్చటపడి అక్కడికి పోలేదు. గాస్పార్ ఒక ఆదివారం గుర్రప్పందెం చూడటానికి వెళ్ళి దొరికిపోయాడు. ఫలానా ఆసామి దగ్గర పనిచేస్తున్నానని చీటీ చూపించలేని మగవాణ్ణి ఆ రోజుల్లో దేశదిమ్మరి అని రాసుకుని సరిహద్దుకు తోలేవాళ్ళు. రెండేళ్ళన్నారు. నేను మూట కట్టుకుని ఆ బండ్ల వెనక నడిచాను. రెండేళ్ళు కాస్తా నాలుగయ్యాయి.

మా ఆయన పచ్చి తోలు పనివాడు. ఆవు తోలును దారంలా చీరి, ఎనిమిది పోగులు, పన్నెండు పోగులు కలిపి కళ్ళేలు, పగ్గాలు, కొరడాలు అల్లేవాడు. ఆ చేతులు అల్లుతుంటే చూస్తూ కూర్చుని నేను పొయ్యి మీద కూర మాడ్చిన రోజులున్నాయి. కెప్టెన్ లెదెస్మా చేతిలో ఉండే కొరడా మా ఆయన అల్లిందే. కోటలో శిక్షలకు వాడే వార్లు కూడా ఆయన కోసి ఇచ్చినవే. ఎవరికి కడతారని అడిగేవాడు కాదు. విడుదల కాగితం చేతికి రాగానే సాన్ బ్రూనో ఊళ్ళో ఒక చిన్న తోలు కొట్టు పెట్టాలన్నది మా ఇద్దరి ఆశ. కొట్టు తలుపు ఏ రంగు ఉండాలో కూడా నేను ఎంచుకుని పెట్టుకున్నాను.

జనవరి చివర్లో కబురొచ్చింది. గాస్పార్ విడుదలకు సంతకం అయిందట, సరుకుల బండ్లతో కాగితం వస్తుందట. ఇంక పదిహేను రోజులు. సరిగ్గా అప్పుడే కెప్టెన్ కళ్ళు మా గుర్రం మీద పడ్డాయి.

తెల్లటి ఒంటి మీద ఎర్ర మచ్చలున్న గుర్రం. తల్లి చచ్చిన పిల్లను గాస్పార్ తెచ్చి నాలుగేళ్ళు పెంచాడు. కెప్టెన్ అమ్ముతావా అని అడిగాడు.

"లేదండయ్యా" అన్నాడు గాస్పార్. "మా ఆడదాన్ని నడిపించి తీసుకొచ్చాను. ఎక్కించి తీసుకుపోవాలి."

"అబ్బో, రాణీగారా!" అని కెప్టెన్ పెద్దగా నవ్వాడు. మేమూ నవ్వాం. కెప్టెన్ నవ్వితే నవ్వాలి కదా.

మర్నాడు పొద్దున గుర్రం దగ్గరికి వెళితే దాని కుడి చెవి కొస లేదు. మెడ మీద నెత్తురు గడ్డకట్టి ఉంది. పంపాలో చెవి కొస కోసిన గుర్రమంటే సర్కారుది. దానికి కాగితాలతో పనిలేదు, సాక్షులతో పనిలేదు. ఎక్కడ ఎవరు చూసినా సర్కారు గుర్రమే అంటారు. కత్తి ఒక్క గాటు పెట్టింది, నాలుగేళ్ళ పెంపకం మాది కాకుండా పోయింది.

గాస్పార్ మూడు రోజులు ఆ చెవికి కొవ్వు పూస్తూ గడిపాడు. నాలుగో రోజున గుర్రాన్ని నీళ్ళకు తోలుకుపోతున్నట్టు పోయి, దాన్నే ఎక్కి, పెద్ద కోటలో ఉన్న మేజరుకు ఫిర్యాదు చేయడానికి బయలుదేరాడు. సర్కారు చెవి కోసిన గుర్రాన్ని ఎక్కి, అది నాదేనని సర్కారుకే చెప్పడానికి పోయిన మనిషిని ఏమనాలి? నేను ఆయన్ని ఏమీ అనలేను. ఆయన అలాంటివాడనే చేసుకున్నాను.

కురుమీల్ అనే పంపా మనిషి మా కోటలో జాడలు తీసేవాడు. కెప్టెన్ అతన్ని పంపాడు. రెండో రోజు సాయంత్రానికల్లా గాస్పార్‌నూ, నురగలు కక్కుతున్న గుర్రాన్నీ పట్టుకొచ్చి అప్పజెప్పాడు. మర్నాడు పొద్దున అందరినీ ముంగిట్లో నిలబెట్టారు.

"ఏరా గాస్పార్, సవారీ ఎక్కడికి?" అన్నాడు కెప్టెన్.

"మేజరుగారి దగ్గరికండి. నా గుర్రం సంగతి చెప్పుకుందామని."

"నీ గుర్రమా? ఏదీ, దాని చెవి చూపించు."

"కొస లేదండి. మొన్నటిదాకా ఉండేది."

"మొన్నటిదాకా నీకు బుద్ధి కూడా ఉండేదిరా. రెండూ ఒకేసారి పోయాయి." సిపాయిలు పళ్ళికిలించారు. "పరవండి వీణ్ణి."

నేలలో నాలుగు మేకులు దిగ్గొట్టి, మణికట్లకూ చీలమండలకూ పచ్చి తోలు వార్లు కట్టి, ఒళ్ళు నేలకు ఆనీ ఆనకుండా లాగి బిగించడాన్ని మా కోటలో పరవడం అనేవాళ్ళు. గంటకో రెండు గంటలకో విప్పేవాళ్ళు. ఎండకు తోలు ఎండేకొద్దీ ముడుచుకుంటుంది, ముడుచుకునేకొద్దీ కోస్తుంది. ఆ వార్లు వారం కిందట గాస్పార్ కోసినవే. కట్టేవాడి చేతుల్లో వాటిని చూసి, "మంచి తోలురా అది, ఊరికే పాడు చేయకండి" అన్నాడు. అంత ధైర్యం ఇంకా ఉంది అప్పటికి.

ఇంకా అరగంట కాలేదు. మంచె మీదివాడు దక్షిణాన పొగ లేచిందని కేక పెట్టాడు. దక్షిణాన పశువుల మందలున్న ఆసాముల కొట్టాలున్నాయి. కెప్టెన్ ఉన్న ముప్ఫైమందినీ గుర్రాలెక్కించాడు. మా చుక్కల గుర్రం అలసిపోయి ఉందని దాన్ని దొడ్డిలో వదిలి వేరేది ఎక్కాడు. నేను పరిగెత్తి అతని రికాబు పట్టుకున్నాను.

"అయ్యా, మీరు పోతున్నారు, మా ఆయన్ని విప్పించి పోండయ్యా. మీకు దండం పెడతాను."

"వచ్చాక చూద్దాంలే" అన్నాడు. "ఎండ మంచిదే. వాడి తోలు కూడా కాస్త పదునెక్కనీ." తర్వాత వెనక్కి తిరిగి సార్జంటుతో చెప్పాడు. "తొరీబియో! నేనొచ్చేదాకా వీణ్ణి విప్పినవాణ్ణి వీడి పక్కనే పరుస్తాను. అది నువ్వైనా సరే."

దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయారు. సార్జంటు తొరీబియో మంచివాడే. నా కాళ్ళకు ముల్లు గుచ్చుకుంటే తన సూదితో తీసిపెట్టినవాడు. అతని కాళ్ళ మీద పడ్డాను.

"తొరీబియో అన్నా, నీ తోడబుట్టినదాన్ననుకో."

"లేమ్మా లే. నావల్ల కాదు. నాకున్నది ఒక్కటే మంచి కాలు. అది కూడా పోగొట్టుకోమంటావా?"

ఎండ ఎక్కింది. ఫిబ్రవరి ఎండకు అక్కడ కట్ట మీద మట్టి కూడా పెటపెటలాడుతుంది. గాస్పార్ వేళ్ళు ఉబ్బి, గోళ్ళ చుట్టూ నల్లబడటం మొదలైంది. నేను చూడలేకపోయాను. మడుగు నుంచి బకెట్టు నిండా నీళ్ళు తెచ్చాను. ఆయన బకెట్టు చూసి తల అడ్డంగా ఊపాడు.

"సిప్రియా, వద్దు. నోట్లో రెండు చుక్కలు పొయ్యి చాలు. వార్ల మీద పొయ్యకు."

"వదులవుతాయి కదయ్యా."

"ఇప్పుడు వదులవుతాయి. మళ్ళీ ఆరేటప్పుడు ఇంతకింత కొరుకుతాయి. తోలు సంగతి నాకు చెబుతావా నువ్వు?"

"ఆరనిస్తే కదా! అరగంటకోసారి తెచ్చి పోస్తాను. ఆ కెప్టెనుగాడు వచ్చేదాకా తడుపుతూనే ఉంటాను. నాకింకేం పనుంది?"

"పిచ్చిదానా..." అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు కానీ నేను అప్పటికే పోసేశాను. నాలుగు వార్ల మీదా పోశాను. తోలు సాగింది. ఆయన వీపు నేలకు ఆనింది. వేళ్ళు కొద్దిగా కదిలాయి, ఒక పెద్ద ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి విని నేను గెలిచాననుకున్నాను. కెప్టెన్ మీద, ఎండ మీద, తోలు పని తెలిసిన నా మొగుడి మీద కూడా గెలిచాననుకున్నాను.

బకెట్టు ఇంకా చేతిలోనే ఉంది. మంచె మీదివాడు మళ్ళీ అరిచాడు. ఈసారి ఉత్తరం వైపు. దక్షిణాన లేచిన పొగ ఎర అన్నమాట. కెప్టెన్ దాని వెంట పడి పోయాడు, పంపావాళ్ళు ఇటునుంచి వచ్చారు.

తొరీబియో సామాన్ల పెట్టె బద్దలుకొట్టి పాత కోట్లు, టోపీలు మా మీదకు విసిరాడు. "తొడుక్కోండే! జుట్లు టోపీల్లో దోపుకోండి! కట్ట ఎక్కండి!" నాలుగు తుపాకులు నలుగురికి దొరికాయి. మిగిలినవాళ్ళకు చీపురు కర్రలు.

"ఈ కోటు బొత్తాలు పెట్టాలంటే ముందు నేను కనాలి" అంది పెత్రోనా.

"కడుపు కట్ట వెనక దాచుకో! అందరూ వినండి. సిపాయి కదలడు. వెనక్కి తిరగడు. ముక్కు కూడా గోక్కోడు. ఒక్కదాని పావడా అంచు వాళ్ళ కంట పడిందంటే రేపటికి అందరూ వాళ్ళ గుడారాల్లో తేలతారు."

నేను కర్ర పట్టుకుని కట్ట మీద నిలబడ్డాను. నా కుడి పక్కన లొరెన్సా. ఆమె కురుమీల్ పెళ్ళాం, పంపా మనిషి. అసలు పేరు వేరే ఉంది, పాదరీ నీళ్ళు చల్లి లొరెన్సా అని పెట్టిపోయాడు. నా మొగుణ్ణి ఆమె మొగుడు పట్టి తెచ్చాడని ముందురోజు నుంచీ నేను ఆమె ముఖం చూడటం మానేశాను. ఎదురుగా వస్తున్న గుర్రాల మీద ఆమె పినతండ్రి కొడుకులు ఉండొచ్చు. ఆమె కూడా టోపీ పెట్టుకుని కర్ర పట్టుకుంది.

నూరుమంది ఉంటారేమో. మూడువందలు కెప్టెన్ కలం నుంచి పుట్టినవాళ్ళు. తుపాకీ గుండు అందనంత దూరంలో ఆగి మమ్మల్ని చూశారు. కొందరు వెళ్ళి అగడ్త అవతల దొడ్డిలోని గుర్రాలను తోలుకున్నారు. మా చుక్కల గుర్రం కూడా వాళ్ళతో చక్కగా నడిచి వెళ్ళింది. మిగిలినవాళ్ళు కదల్లేదు. లోపల ఎంతమంది ఉన్నారో తేల్చుకోవాలని చూస్తున్నారు. మేమూ అలాగే నిలబడ్డాం.

నా వెనక తొరీబియో అడుగుల చప్పుడు ముంగిట్లో ఆగింది. "అయ్యో, ఎవరు తడిపారివి? కెప్టెన్ వచ్చి ఈ వదులు చూస్తే..." అన్నాడు. తర్వాత మెల్లిగా "ఏమనుకోకురా గాస్పార్" అన్నాడు. తోలు కిర్రుమనడం వినిపించింది. మేకు మీద రెండు దెబ్బలు. తడి తోలును లాగి బిగించాడు. ఆ తోలు ఇక ఎండడమే మిగిలింది.

గాస్పార్ మొదట కెప్టెన్‌ను తిట్టాడు, తర్వాత సార్జంటును, తర్వాత దేవుణ్ణి. ఆ తర్వాత నన్ను పిలిచాడు.

"సిప్రియా! నీళ్ళు పొయ్యి! వార్ల మీద పొయ్యి, సిప్రియా! తడుపుతానన్నావు కదే!"

వద్దన్న మనిషి అడుగుతున్నాడు. బకెట్టు కట్ట కింద పది అడుగుల దూరంలో ఉంది. నేను తిరగలేదు.

కోట కోసం తిరగలేదని రాయి మీద చెక్కించుకోవచ్చు. నేను నా కోసం తిరగలేదు. మా పిన్ని కూతురిని అంతకు ముందు ఎత్తుకుపోయి ఆరేళ్ళు ఉంచుకున్నారు. పారిపోకుండా అరికాళ్ళ తోలు ఒలిచారు. తిరిగొచ్చాక అది మోకాళ్ళ మీద పాకేది. నేను కట్ట మీద నిలబడి నా మొగుడి చేతుల గురించి కాదు, నా అరికాళ్ళ గురించి ఆలోచించాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, అదే నిజం.

పొద్దు పడమటికి వాలింది. గాస్పార్ పిలవడం మానేశాడు. గొంతులోంచి ఏదో చప్పుడు మాత్రం వస్తోంది, పశువు చప్పుడులాగా. లొరెన్సా పెదవులు కదపకుండా అంది.

"వాడి గొంతు మారింది. చచ్చిపోతాడు."

"కదలకు" అన్నాను.

"నీ మొగుడే కదా?"

"కదలొద్దంటే నీక్కాదూ!"

ఆ మాట అన్నది గాస్పార్ పెళ్ళాన్నైన నేనే. లొరెన్సా మెల్లిగా కర్రను మట్టిలో గుచ్చింది, కోటు విప్పి దాని మీద వేసింది, పైన టోపీ పెట్టి కిందికి జారింది. అవతలి నుంచి చూసేవాళ్ళకు ఇంకా తొమ్మిదిమందే. అంత తేలిక పని. పొద్దుటి నుంచి నా చేతిలో కూడా కర్ర ఉంది, నా ఒంటి మీద కోటు ఉంది. నాకు తట్టలేదు. తట్టలేదనే అనుకుంటూ వచ్చాను.

"ఆగవే! కోశావంటే కాలుస్తా!" తొరీబియో గొంతు.

"కాల్చు" అంది లొరెన్సా. "ఆ చప్పుడు విని వాళ్ళు లోపలికొస్తారు."

నాలుగుసార్లు కత్తి తోలును కోసిన చప్పుడు విన్నాను. తొరీబియో కాల్చలేదు.

పొద్దు గూకేలోగా పంపావాళ్ళు దోచుకున్న గుర్రాలతో వెళ్ళిపోయారు. అప్పుడు దిగాను. గాస్పార్ చేతులు కమిలిన వంకాయల్లా ఉన్నాయి. మణికట్టు దగ్గర తోలు వారు మాంసంలోకి దిగిపోయి కనపడటం లేదు. లొరెన్సా దాన్ని కత్తి మొనతో తీస్తోంది. ఆయన నన్ను చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

కెప్టెన్ మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. గుర్రం దిగుతూనే అడిగిన మొదటి మాట, "నా చుక్కల గుర్రం ఏదిరా?" రెండో మాట, "వీణ్ణి విప్పింది ఎవరు?"

తొరీబియో లొరెన్సా వైపు చెయ్యి చూపించాడు. ఆమెకు యాభై దెబ్బలు వేశారు. ఆడదాన్ని పరవడం బాగుండదని కెప్టెన్ దయతలిచి బండి చక్రానికి కట్టించాడు. కొట్టింది గాస్పార్ అల్లిన పన్నెండు పోగుల కొరడాతో. కురుమీల్ వరసలో నిలబడి చూశాడు, మేము ఎనిమిదిమందిమీ నిలబడి చూశాం. తర్వాత కోటను కాపాడినందుకు మాకు తలా ఒక పొగాకు కట్ట, టీలాగా కాచుకు తాగే మాతే ఆకు ఒక సంచి బహుమానంగా ఇచ్చారు. నేను తీసుకున్నాను.

వేళ్ళు ఎనిమిది తీసేయాల్సి వచ్చింది. క్షవరం చేసేవాడే కోశాడు. మిగిలిన రెండు బొటనవేళ్ళూ కొయ్యల్లా బిగుసుకుపోయాయి. వీపు మీద చీము కారుతున్నా లొరెన్సా రోజూ వచ్చి కొవ్వు, బూడిద కలిపి పూసిపోయేది. ఆమె లేకపోతే ఆయన ఆ నెలలోనే పోయేవాడు. నేను ఆమెకు ఏమిచ్చాను? ఒక రోజు ఆ మాతే ఆకు సంచి ఇవ్వబోయాను. చూసి నవ్వి వెళ్ళిపోయింది.

సరుకుల బండ్లతో విడుదల కాగితం రానే వచ్చింది. కెప్టెన్ మమ్మల్ని పిలిచి, కాగితం కింద తన చేత్తో ఇంకో ముక్క రాశాడు.

"పంపావాళ్ళతో పోరాడుతూ చేతులు పోగొట్టుకున్నాడని రాశాను. ఇది చూపిస్తే ఊళ్ళో పొగాకు కొట్టు పెట్టుకోవడానికి అనుమతిస్తారు. ఇంకోలా రాస్తే నాకూ మంచిది కాదు, మీకూ తిండి ఉండదు. గుర్తు పెట్టరా."

గాస్పార్ తన చేతుల వైపు చూసుకుని ముఖం తిప్పుకున్నాడు. కలం నేను తీసుకున్నాను. శిలువ గుర్తు నేనే గీశాను. నా జీవితంలో రాసిన రాత అదొక్కటే.

తోలు కొట్టు అనుకున్న చోట పొగాకు కొట్టు పెట్టాం. తలుపుకు నేను అనుకున్న నీలి రంగే వేయించాను. జనం పొగాకు కోసం కంటే ఆ చేతులు చూడటానికే ఎక్కువ వచ్చేవాళ్ళు. "ఎంత ఘోరం! ఎలా జరిగిందమ్మా?" అని నన్నే అడిగేవాళ్ళు. ఆయన లేచి పెరట్లోకి పోయేవాడు. పంపావాళ్ళు పట్టుకుని ఒక్కొక్క వేలే కోశారని చెప్పేదాన్ని. చెప్పగా చెప్పగా నాకు బాగా వచ్చేసింది. ఎక్కడ ఆగితే వినేవాళ్ళు నిట్టూరుస్తారో కూడా తెలిసింది. గాస్పార్ ఎప్పుడూ అడ్డం రాలేదు. నీళ్ళ సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు, నాతో కూడా అనలేదు. రోజూ పొద్దున మాతే కాచి సొరబుర్రలో పోసి, పీల్చే గొట్టాన్ని ఆయన పెదవులకు అందించేదాన్ని. తాగి, తల ఊపేవాడు. అదే మా కాపురం, దాంతోనే తృప్తిపడ్డాను.

మూడేళ్ళకు సైన్యం పంపా అంతా ఊడ్చేసింది. ఇక సరిహద్దే లేదన్నారు. పట్టుబడ్డవాళ్ళను, ఆడవాళ్ళను, ముసలివాళ్ళను తాళ్ళతో కట్టి మా ఊరి మీదుగా ఓడల రేవుకు నడిపించారు. ఊరంతా పండగలా వీధిలోకి వచ్చింది. సరిహద్దు లేకపోయాక జాడలు తీసేవాళ్ళతో ఏం పని? కోటల్లో చాకిరీ చేసిన పంపావాళ్ళను కూడా ఆ తాళ్ళకే కట్టారు. రెండో వరసలో లొరెన్సా ఉంది. పక్కన కురుమీల్ లేడు.

"గాస్పార్! రావయ్యా బయటికి! నీ చేతులు చూపించు!" అని ఒకడు కేకేశాడు. "ఇదిగో, నీ వేళ్ళు తిన్నవాళ్ళు!"

గాస్పార్ బయటికి వచ్చాడు. ఆమెను చూశాడు. ఒక్క ఉరుకున రోడ్డు మధ్యకు పోయి ఆమె ముందు నిలబడి, రెండు చేతులూ పైకెత్తాడు.

"ఈమె కాదు! ఆగండి! వీళ్ళు కాదు నన్ను..."

ఎవరూ వినలేదు, అందరూ చూశారు. వేళ్ళు లేని చేతులు రెండు అంత ఎత్తున లేస్తే ఊరికి ఇంకేం కావాలి? గుంపు గర్జించింది. మొదటి రాయి ఎవరు వేశారో నాకు తెలుసు. అతని కొడుకే పోయిన నెల ఆ శిలాఫలకం పక్కన నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు.

గాస్పార్ నా వైపు తిరిగాడు. నేను నీలి తలుపు దగ్గర నిలబడి ఉన్నాను.

"సిప్రియా! నువ్వు చెప్పు! నీ మాట వింటారు, నువ్వు చెప్పు!"

అందరూ నా వైపు చూశారు. ఒక్క నిమిషం వీధి సద్దుమణిగింది. నన్ను అడ్డుకునేవాళ్ళు ఎవరూ లేరు. లొరెన్సా కూడా చూసింది. ఆ చూపులో కోపం లేదు, అడుక్కోవడం లేదు. ఈసారి ఏం చేస్తానో చూద్దామన్నట్టు ఉంది. నా వెనక గోడకు ఆ కాగితం వేలాడుతోంది, కింద నేను గీసిన శిలువ.

"పాపం, ఆయన్ని లోపలికి తీసుకురండి" అన్నాను. "వాళ్ళను చూస్తే ఆయనకు మతి తప్పుతుంది."

ఇద్దరు మగవాళ్ళు జాలిపడుతూ ఆయన్ని చెరో పక్కా పట్టుకుని ఎత్తుకొచ్చారు. వెనక రాళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. లొరెన్సా మా కొట్టు ముందే పడిపోయింది. తాడుకు కట్టి ఉన్నవాళ్ళు ఆగలేక ఆమెను ఈడ్చుకుంటూనే వీధి చివరిదాకా నడిచారు.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే మాతే కాచి తీసుకెళ్ళాను. గాస్పార్ పెదవులు బిగించుకున్నాడు. బతిమాలాను, ఏడ్చాను, తిట్టాను. బొటనవేళ్ళ మధ్య గిన్నె ఇరికించుకుని ఒంటి మీద సగం ఒలకబోసుకుంటూ తాగడం నేర్చుకున్నాడు. గుండె మీద కాలిన మచ్చలు పడ్డాయి. అది చేతకాని రోజున గుర్రాల తొట్టి దగ్గరికి వెళ్ళి వంగి తాగేవాడు. ఆయన ఇంకా పదకొండేళ్ళు బతికాడు. చివరి జ్వరంలో నాలుక పిడచకట్టుకుపోయింది. నేను గ్లాసు పట్టుకెళితే గోడవైపు తిరిగి, పక్కింటావిడ వచ్చేదాకా ఆగాడు. నా చేతి నీళ్ళు మాత్రం తాగలేదు.